పన్నెండేళ్ల కుర్రాడి ఇరవై ఒక్క ఎత్తులు

ప్రియమైన తమ్ముళ్లకు,

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ గారు కబురు పెట్టారు. కథ రాయడం నాకు చేతకాదు. కవిత అంతకన్నా రాదు. ఈ హాస్టల్లో ఉన్నప్పుడు పాఠ్యపుస్తకాలు కాకుండా నేను నేర్చుకున్నది చదరంగం ఒక్కటే. అదీ గెలిచి నేర్చుకున్నది కాదు, ఓడి నేర్చుకున్నది. అందుకే ఒక చదరంగం పాఠం రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. దీన్ని బోర్డు ఎదురుగా పెట్టుకుని చదవండి. ఒక్కో ఎత్తు వేసి చూడకపోతే ఈ పాఠం తలకెక్కదు. పావులు తక్కువైతే సీసా మూతలు పెట్టుకోండి. మా రోజుల్లో మా నల్ల ఏనుగు ఒక సీసా మూతే.

నేను ఓడిన ఆట

తొమ్మిదో తరగతిలో ఉండగా జిల్లా స్థాయి బాలల పోటీలకు వెళ్లాను. హాస్టల్లో నన్ను ఓడించేవాడు లేడు. ఆ ధీమాతోనే బస్సెక్కాను. మొదటి రౌండులో నా ఎదుట కూర్చున్న అబ్బాయి నాకంటే చిన్నవాడు. వాడి పక్కన వాళ్ల నాన్న, వెనక కోచ్. బల్ల మీద గడియారం. చదరంగం గడియారాన్ని నేను చూడటం అదే మొదటిసారి. పద్దెనిమిది ఎత్తుల్లో ఆట అయిపోయింది. భోజనాల వేళ కూడా కాలేదు.

రాత్రి స్టడీ అవర్లో ట్యూటర్ సారు పిలిచారు.

"ఏరా, ఆట రాసుకున్నావా?"

"రాశాను సార్. అయినా వాళ్లకు కోచింగ్ ఉంది సార్. మనకేముంది?"

ఆయన మాట్లాడలేదు. నా కాగితం తీసుకుని చూశారు. మర్నాడు నోటుపుస్తకంలోంచి చింపిన ఒక ఠావు నా చేతిలో పెట్టారు. అందులో ఇరవై ఒక్క ఎత్తుల ఆట ఒకటి రాసి ఉంది. "ఇది పన్నెండేళ్ల పిల్లాడు గెలిచిన ఆట. పదిసార్లు ఆడి చూడు. తర్వాత మాట్లాడుకుందాం" అన్నారు. నాలుగోసారి ఆడుతున్నప్పుడు నాకు తెలిసింది, అందులో ఓడిపోయిన నల్లపావుల ఆటగాడు అచ్చం నాలాగే ఆడాడని. ఆ ఆటే ఈ రోజు మన పాఠం.

ఆ పిల్లవాడు ఎవరు?

పేరు బోరిస్ స్పాస్కీ. 1937 జనవరి 30న అప్పటి సోవియట్ యూనియన్‌లోని లెనిన్‌గ్రాడ్ నగరంలో పుట్టాడు. ఆ నగరాన్నే ఇప్పుడు సెయింట్ పీటర్స్‌బర్గ్ అంటున్నారు. 1941లో జర్మన్ సైన్యం ఆ నగరాన్ని ముట్టడించింది. ఆకలితో లక్షలమంది చనిపోయారు. నాలుగేళ్ల బోరిస్‌ను, అతని అన్నను నగరం దాటించి దూరంగా కిరోవ్ ప్రాంతంలోని పిల్లల ఆశ్రమానికి పంపారు. ఇంటికి దూరంగా ఉన్న ఆ రోజుల్లోనే, ఐదేళ్ల వయసులో, అతను చదరంగం ఎత్తులు నేర్చుకున్నాడు.

యుద్ధం ముగిశాక 1946లో కుటుంబం లెనిన్‌గ్రాడ్‌కు తిరిగి వచ్చింది. ఇంట్లో కటిక పేదరికం. తల్లి ఒక్కతే పిల్లల్ని పోషించేది. ఆ వేసవిలో ఒక పార్కులోని చదరంగం మండపం అతని కంటబడింది. ఇక పొద్దస్తమానం అక్కడే. తర్వాత పయొనీర్ల భవనం అనే ప్రభుత్వ బాలల కేంద్రంలో వ్లదిమీర్ జాక్ అనే శిక్షకుడు అతన్ని చేరదీశాడు. అక్కడ పిల్లలకు శిక్షణ ఉచితం. ఆట చూసి ప్రభుత్వం ఇచ్చిన ఉపకార వేతనం ఆ ఇంటికే ఆధారమైంది. మనలాంటి పిల్లవాడే అనుకోండి.

1949లో, పన్నెండేళ్ల వయసులో, లెనిన్‌గ్రాడ్‌లో ఆవ్తొనొమోవ్ అనే ఆటగాడితో స్పాస్కీ ఈ ఆట ఆడాడు. తెల్లపావులు స్పాస్కీవి.

గుర్తులు ఎలా చదవాలి?

తెల్లపావుల వైపు కూర్చుంటే ఎడమ నుంచి కుడికి నిలువు వరుసలు ఎ, బి, సి, డి, ఇ, ఎఫ్, జి, హెచ్. మన వైపు నుంచి అడ్డువరుసలు 1 నుంచి 8. ఆట మొదట్లో తెల్లరాజు ఇ1లో, నల్లరాజు ఇ8లో ఉంటారు. పావు పేరు చెప్పకుండా గడి పేరు మాత్రమే రాస్తే అది బంటు ఎత్తు. × అంటే ఎదుటి పావును కొట్టడం. ప్రతి అంకె తర్వాత ముందుగా తెల్ల ఎత్తు, గీత తర్వాత నల్ల ఎత్తు. ఇంగ్లీషులో క్వీన్ అనే పావును మనం మంత్రి అంటాం. బిషప్ అంటే శకటు, కొన్ని ఊళ్లలో ఒంటె అంటారు. రూక్ అంటే ఏనుగు. కోట అంటే రాజును రెండు గడులు పక్కకు జరిపి ఏనుగును అతని అవతలి పక్కకు తెచ్చే క్యాజ్లింగ్.

ఓపెనింగ్: బంటును ఇచ్చినట్టే ఇచ్చి

1. డి4 – డి5
2. సి4 – డి×సి4
3. గుర్రం ఎఫ్3 – గుర్రం ఎఫ్6
4. ఇ3 – సి5
5. శకటు×సి4 – ఇ6
6. కోట – ఎ6

రెండో ఎత్తులో తెల్ల సి బంటును ఎరగా ముందుకు తోస్తుంది. దీన్ని క్వీన్స్ గాంబిట్ అంటారు. 1490 ప్రాంతానికి చెందిన ఒక రాతప్రతిలోనే కనిపించేంత పాత ఓపెనింగ్ ఇది. నల్ల ఆ బంటును కొడితే స్వీకరించిన క్వీన్స్ గాంబిట్ అవుతుంది. గాంబిట్ అంటే పావును త్యాగం చేయడమే అయినా, ఇక్కడ తెల్లకు నిజంగా పోయేది ఏమీ లేదు. ఐదో ఎత్తులో శకటు ఆ బంటును తిరిగి తీసుకుంది చూడండి.

"కొట్టిన బంటును కాపాడుకుంటే సరిపోతుంది కదా" అని మీలో కొందరు అనుకుంటారు. నేనూ అనుకున్నాను. అలా చేస్తే ఏమవుతుందో చూడండి: 1. డి4 – డి5 2. సి4 – డి×సి4 3. ఇ3 – బి5 4. ఎ4 – సి6 5. ఎ×బి5 – సి×బి5 6. మంత్రి ఎఫ్3. మంత్రి చూపు ఏటవాలుగా ఎ8లోని ఏనుగు మీద పడింది. ఆ ఏనుగుకు కదలడానికి చోటు లేదు. గుర్రాన్ని సి6లో అడ్డుపెడితే మంత్రి దాన్ని చెక్‌తో కొడుతుంది. ఒక్క బంటు మీద ఆశతో పెద్ద పావు పోయింది.

కాబట్టి ఆవ్తొనొమోవ్ బంటును తిరిగి ఇచ్చేసి గుర్రం తీశాడు, సి5తో మధ్యభాగం మీద ఒత్తిడి తెచ్చాడు. ఇంతవరకు రెండు వైపులా మంచి ఆటే. ఒక్క తేడా మాత్రం గుర్తుపెట్టుకోండి. ఆరో ఎత్తుకే తెల్లరాజు కోటలోకి వెళ్లిపోయాడు.

ఆట తిరిగిన చోటు

7. మంత్రి ఇ2 – బి5
8. శకటు బి3 – గుర్రం సి6
9. గుర్రం సి3 – సి×డి4
10. ఏనుగు డి1 – శకటు బి7
11. ఇ×డి4 – గుర్రం బి4

ఏడో ఎత్తులో మంత్రి ఇ2కు వచ్చి డి1 గడిని ఏనుగు కోసం ఖాళీ చేసింది. పదో ఎత్తులో ఏనుగు అక్కడికి వచ్చి కూర్చుంది. తొమ్మిదో ఎత్తులో నల్ల డి4 బంటును కొట్టినా తెల్ల వెంటనే తిరిగి కొట్టలేదు. తొందరపడలేదు. ముందు ఏనుగును తెచ్చి, తర్వాతే ఇ బంటుతో కొట్టింది.

ఇప్పుడు తెల్ల డి4 బంటును చూడండి. దానికి సి వరుసలోనూ ఇ వరుసలోనూ తోడు బంట్లు లేవు. ఇలాంటి దాన్ని ఒంటరి బంటు అంటారు. దానికి కాపు కాయడానికి పక్క బంట్లు లేవు కాబట్టి అది బలహీనత. కానీ దాని చుట్టూ పావులకు దారులు తెరుచుకుంటాయి, కాబట్టి అదే బలం కూడా. ఒంటరి బంటును ఎదుర్కొనే పద్ధతి ఒకటే. దాని ముందున్న గడిని, అంటే ఇక్కడ డి5ను, ఆక్రమించి దాన్ని కదలకుండా ఆపాలి.

ఆవ్తొనొమోవ్‌కు ఆ సంగతి తెలుసు. అందుకే గుర్రాన్ని బి4కు పంపి డి5 మీద కన్నేశాడు. అతని ఆలోచనలో తప్పు లేదు. సమయంలోనే తప్పు. అతని రాజు ఇంకా ఇ8లోనే ఉన్నాడు. కోట కట్టాలంటే ముందు ఎఫ్8 శకటును తీయాలి, ఆ తర్వాత కోట. రెండు ఎత్తులు కావాలి. శకటును ఇ7లో పెట్టి ఉంటే ఆట ఇంకా చాలాసేపు సాగేది. అలా చేయకుండా, ఒకసారి కదిపిన గుర్రాన్నే మళ్లీ కదిపాడు.

లెక్క చూడండి. మొదటి పదకొండు ఎత్తుల్లో నల్ల ఏడు ఎత్తులు బంట్లతోనే వేశాడు. తెల్ల బంట్లతో వేసినవి నాలుగే.

పన్నెండో ఎత్తు

12. డి5!

పన్నెండేళ్ల పిల్లవాడు ఆ ఒంటరి బంటునే ముందుకు తోశాడు. నల్ల గట్టిగా కాపు కాస్తున్న గడిలోకే. ఇక్కడ ఆగి, కాసేపు బోర్డు చూడండి.

"ఇ6 బంటుతో కొట్టవచ్చు కదా?" కొట్టకూడదు. నియమమే ఒప్పుకోదు. తెల్ల మంత్రి ఇ2లో ఉంది. నల్లరాజు ఇ8లో ఉన్నాడు. మధ్యలో ఉన్నది ఆ ఇ6 బంటు ఒక్కటే. అది పక్కకు జరిగితే రాజుకు చెక్ తగులుతుంది. ఇలా రాజు ముందు కట్టేసినట్టు నిలిచిపోవడాన్ని పిన్ అంటారు. ఏడో ఎత్తులో ఏనుగుకు దారి ఇవ్వడానికి కదిలిన మంత్రి ఐదు ఎత్తుల తర్వాత ఈ పని కూడా చేస్తోంది. మంచి గడిలో పెట్టిన పావుకు పని దానంతట అదే దొరుకుతుంది.

12. ... – గుర్రం (బి4)×డి5
13. శకటు జి5 – శకటు ఇ7
14. శకటు×ఎఫ్6 – జి×ఎఫ్6
15. గుర్రం×డి5 – శకటు×డి5
16. శకటు×డి5 – ఇ×డి5

పదమూడో ఎత్తు తర్వాత తెల్ల పావులు లెక్కపెట్టండి. రెండు గుర్రాలు, రెండు శకటులు, మంత్రి, ఒక ఏనుగు అన్నీ బయట ఉన్నాయి. ఎ1 ఏనుగు ఒక్కటే ఇంట్లో ఉంది. అందుకు తెల్ల చెల్లించిన వెల ఒక బంటు.

పద్నాలుగో ఎత్తులో నల్ల జి బంటుతో కొట్టి రాజు ముందున్న గోడను తానే పగలగొట్టుకున్నాడు. ఎందుకలా చేశాడు? గుర్రంతో గానీ శకటుతో గానీ కొట్టవచ్చు కదా? దీన్ని చివర్లో ప్రశ్నగా ఇస్తున్నాను. జవాబు చూడకుండా ప్రయత్నించండి.

ముగింపు

17. గుర్రం డి4 – రాజు ఎఫ్8
18. గుర్రం ఎఫ్5 – హెచ్5
19. ఏనుగు×డి5! – మంత్రి×డి5
20. మంత్రి×ఇ7 చెక్ – రాజు జి8
21. మంత్రి×ఎఫ్6 – నల్ల ఓటమి ఒప్పుకున్నాడు.

పదిహేడో ఎత్తు దగ్గర నల్లకు ఒక బంటు ఎక్కువే ఉంది. అయినా ఆట పోయినట్టే. తెల్ల గుర్రం సి6కు వస్తే మంత్రి మీదా ఇ7 శకటు మీదా ఒకేసారి దాడి. "ఇప్పుడైనా కోట కడితే?" ఆలస్యమైపోయింది. అప్పుడు కూడా గుర్రం సి6, ఇ7 శకటు దక్కదు. అందుకే రాజు ఎఫ్8కు నడిచాడు. దాంతో కోట కట్టే హక్కు పోయింది. హెచ్8 ఏనుగు మూలలోనే ఇరుక్కుపోయింది.

పద్దెనిమిదో ఎత్తులో గుర్రం ఎఫ్5 చేరింది. ఇక మంత్రి జి4కు, అక్కడి నుంచి జి7కు వస్తుంది. దాన్ని ఆపడానికి నల్ల హెచ్5 ఆడాడు. అప్పుడు వచ్చింది దెబ్బ. ఇ7 శకటును తెల్ల గుర్రం, మంత్రి కలిసి కొట్టాలని చూస్తున్నాయి. నల్ల రాజు, మంత్రి కలిసి కాపాడుతున్నారు. రెండుకు రెండు సరి. ఆ కాపలాదారుల్లో ఒకరిని పక్కకు లాగితే చాలు. ఏనుగు డి5 బంటును కొట్టి తనను తాను ఎరగా పెట్టుకుంది. నల్ల మంత్రి దాన్ని కొట్టింది, కాపలా వదిలేసింది. తెల్ల మంత్రి ఇ7 శకటును కొట్టి చెక్ ఇచ్చింది. వెనక గుర్రం కాపు ఉంది కాబట్టి రాజు కొట్టలేడు. జి8 తప్ప పోవడానికి చోటు లేదు. ఆ తర్వాత మంత్రి ఎఫ్6. ఇక జి7లో ఆటకట్టు ఖాయం, తప్పించుకోవాలంటే పెద్ద పావును వదులుకోవాలి.

మనం నేర్చుకోవలసింది

ఆట మొత్తంలో నల్ల ఇరవై ఎత్తులు వేశాడు. అందులో పది బంట్లతోనే వేశాడు. అతని రెండు ఏనుగుల్లో ఏదీ ఒక్కసారి కూడా కదల్లేదు. రెండు ఏనుగులు నిద్రపోతుంటే ఒక బంటు ఎక్కువ ఉండి ఏం లాభం?

ఇంట్లో పని పూర్తికాకుండా వేటకు వెళ్లకూడదు. మొదట పావులను బయటికి తీయాలి. రాజును కోటలో పెట్టాలి. ఏనుగులు ఒకదాన్నొకటి చూసుకోవాలి. ఆ తర్వాతే దాడి. ఈ నాలుగు మాటలు ఏ చదరంగం పుస్తకంలోనైనా ఉంటాయి, నాకూ అంతకుముందే తెలుసు. కానీ తెలిసిన మాట చేతికి రావాలంటే ఇలాంటి ఆటను చేత్తో ఆడి చూడాలి.

పది రోజుల తర్వాత ట్యూటర్ సారు నేను ఓడిన ఆట కాగితం మళ్లీ తెచ్చారు. "ఇప్పుడు నీ ఆట చూడు. ఎక్కడ పోయింది?" నేను వేలు పెట్టి చూపించాను. తొమ్మిదో ఎత్తు. కోట కట్టడానికి దారి ఉండి కూడా ఒక బంటును కొట్టడానికి గుర్రాన్ని పంపాను. "ఈ ఎత్తు వెయ్యమని ఎదుటివాడి కోచ్ చెప్పాడా?" అని అడిగారు సారు. నా దగ్గర జవాబు లేదు.

తమ్ముళ్లూ, కోచ్ ఉన్నవాడికీ లేనివాడికీ తేడా లేదని నేను అనను. తేడా ఉంది. స్పాస్కీ కూడా జాక్ గారు దొరికాకే ఎదిగాడు. మనకు గడియారం లేదు, పుస్తకాలు తక్కువ. ఇవన్నీ నిజమే, అడగవలసిన చోట అడగాలి కూడా. కానీ నా తొమ్మిదో ఎత్తు మాత్రం నాదే. దాన్ని లేమి మీదకు నెట్టేసి ఉంటే మళ్లీ అదే ఎత్తు వేసేవాణ్ణి. మరుసటి ఏడాది అదే పోటీల్లో నేను మొదటి స్థానం తెచ్చుకోలేదు. ఆరు ఆటల్లో మూడు గెలిచాను. ఆరింటిలోనూ కోట కట్టాను.

తర్వాత ఏమైంది?

స్పాస్కీ 1955లో బెల్జియంలోని ఆంట్‌వెర్ప్‌లో ప్రపంచ జూనియర్ ఛాంపియన్ అయ్యాడు. అదే ఏడాది పద్దెనిమిదేళ్లకే గ్రాండ్‌మాస్టర్ హోదా వచ్చింది. 1969లో పెట్రోస్యాన్‌ను ఓడించి ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. 1972లో ఐస్‌లాండ్‌లోని రేక్యవీక్‌లో అమెరికా ఆటగాడు బాబీ ఫిషర్ చేతిలో ఆ కిరీటం పోగొట్టుకున్నాడు. ఆ పోటీలో ఆరో ఆట కూడా క్వీన్స్ గాంబిట్టే, అయితే అందులో నల్ల బంటును కొట్టని పద్ధతి. ఫిషర్ ఎంతో అందంగా గెలిచాడు. ప్రేక్షకులు చప్పట్లు కొట్టారు. వాళ్లతోపాటు ఓడిన స్పాస్కీ కూడా చప్పట్లు కొట్టాడు. 2025 ఫిబ్రవరి 27న ఆయన కన్నుమూశారు.

స్పాస్కీ గెలిచిన ఆ ప్రపంచ జూనియర్ పోటీలను 1987లో విశ్వనాథన్ ఆనంద్ గెలిచాడు. 2004లో మన గుంటూరు కుర్రాడు హరికృష్ణ గెలిచాడు. బాలికల్లో 2001లో కోనేరు హంపి, 2008లో ద్రోణవల్లి హారిక గెలిచారు. ఆ బోర్డుకూ మన స్టడీ హాల్లోని బోర్డుకూ గడులు అరవై నాలుగే.

మీరే ప్రయత్నించండి

1. పదో ఎత్తులో నల్ల బంటు సి3 గుర్రాన్ని కొడితే ఏమవుతుంది?
2. పద్నాలుగో ఎత్తులో నల్ల డి5 గుర్రంతో ఎఫ్6లో కొడితే?
3. అదే ఎత్తులో ఇ7 శకటుతో కొడితే?
4. చివర్లో నల్ల ఓటమి ఒప్పుకోకుండా ఏనుగును హెచ్7కు జరిపి జి7ను కాపాడితే?

జవాబులు: (1) డి వరుస తెరుచుకుంటుంది. తెల్ల ఏనుగు డి8లో మంత్రిని చెక్‌తో కొడుతుంది. (2) మళ్లీ అదే. గుర్రం తప్పుకోగానే ఏనుగు మంత్రిని కొడుతుంది. (3) శకటు ఇ7 వదలగానే ఇ6 బంటు మళ్లీ పిన్‌లో పడుతుంది. 15. గుర్రం×డి5 – శకటు×డి5 16. శకటు×డి5. ఇప్పుడు బంటు కొట్టలేదు. మంత్రి కొడితే ఏనుగు మంత్రిని కొడుతుంది. నల్లకు ఒక పెద్ద పావు పోయినట్టే. (4) 22. గుర్రం ఇ7 చెక్. రాజు మీదా డి5 మంత్రి మీదా ఒకేసారి దాడి. రాజు జరగాలి, మంత్రి పోతుంది.

నాలుగింటికీ సొంతంగా జవాబు చెప్పినవాళ్లు ఈసారి ఓడిన ఆట కాగితాన్ని చింపేయకండి. ట్రంకు పెట్టెలో దాచుకోండి. పది రోజుల తర్వాత తీసి, మీ తొమ్మిదో ఎత్తు ఎక్కడుందో వెతకండి.

వార్షికోత్సవ శుభాకాంక్షలతో,
మీ అన్నయ్య,
ఈ హాస్టల్ పూర్వ విద్యార్థి, ప్రస్తుతం లెక్కల ఉపాధ్యాయుడు